స్కైరిమ్‌కి ఏది మేలు: చివికిపోయిన సామ్రాజ్యమా, ఉల్ఫ్రిక్ రాజ్యమా?

స్కైరిమ్ అనే వీడియో గేమ్‌లో (అందులోని దేశం పేరూ అదే) సాలిట్యూడ్ అనే నగరం కోట గేటు దాటి లోపల అడుగుపెట్టగానే ఒక తల తెగుతుంది. తల రోగ్‌విర్‌ది. స్కైరిమ్ మహారాజు టోరిగ్‌ని చంపి పారిపోతున్న తిరుగుబాటు నాయకుడు ఉల్ఫ్రిక్‌కి గేటు తీశాడని శిక్ష. ఉల్ఫ్రిక్ సవాలు చేసి గెలిచాడు, అది మన ఆచారమే కదా అని చివరి నిమిషంలో కూడా అంటాడు రోగ్‌విర్. జనం మాత్రం ద్రోహి అని అరుస్తూనే ఉంటారు. ఆ గుంపులో అతని మేనకోడలు, చిన్నపిల్ల, మామయ్యని ఏం చెయ్యొద్దని చెప్పమంటూ బతిమాలుతుంటుంది. మొదటిసారి ఆడినప్పుడు కంట్రోలర్ పక్కన పెట్టేసి అలాగే చూస్తుండిపోయాను.

2011 నవంబరులో వచ్చిన ఆట ఇది. అప్పటి నుంచి మా బావ స్టార్మ్‌క్లోక్ పక్షం, అంటే ఉల్ఫ్రిక్ తిరుగుబాటుదారులు; నేను లీజియన్ పక్షం, అంటే సామ్రాజ్య సైన్యం. పండక్కి కలిసినా ఈ గొడవే. ఆటలో అసలు కథ అయిన డ్రాగన్ల సంగతి ఇద్దరికీ పట్టదు.

కథ నడిచేది నాలుగో యుగం 201లో. అప్పటికి సామ్రాజ్యం పేరు గొప్ప ఊరు దిబ్బ. సెప్టిమ్ వంశం రెండు వందల ఏళ్ల కిందటే అంతరించింది. బ్లాక్ మార్ష్ పోయింది, మోరోవిండ్ పోయింది, ఎల్స్‌వేర్ శత్రువు చంకలో చేరింది. మిగిలినవి సిరోడీల్, హై రాక్, ఈ స్కైరిమ్. 171లో ఆల్డ్‌మెరీ డొమీనియన్ దండెత్తింది. ఎల్ఫుల ఆ రాజ్యాన్ని నడిపేది థాల్మోర్. 174లో రాజధాని పోయింది, 175లో చక్రవర్తి టైటస్ మీడ్ దాన్ని తిరిగి గెలుచుకున్నాడు. గెలిచాక సంతకం పెట్టిన ఒప్పందం చూస్తే మాత్రం ఓడినవాడు రాసిచ్చినట్టుంటుంది: నార్డులు (స్కైరిమ్ జనం) కొలిచే టాలోస్ దేవుడి పూజ నిషేధం, హామర్‌ఫెల్ దక్షిణ భాగంలో చాలా మేర శత్రువుకి అప్పగింత, చక్రవర్తికి కళ్లూ చెవులూ అయిన బ్లేడ్స్ దళం రద్దు.

"గెలిచిన యుద్ధంలో కాళ్లు పట్టుకునేవాణ్ణి ఎక్కడైనా చూశావురా?" అంటాడు బావ. ఆయన వాదనకి అసలు బలం హామర్‌ఫెల్. ఒప్పందాన్ని అక్కడి జనం, రెడ్‌గార్డులు, ఒప్పుకోలేదు. చక్రవర్తి వాళ్లని సామ్రాజ్యం నుంచే తీసేశాడు. వాళ్లు ఒంటరిగా ఇంకో ఐదేళ్లు పోరాడి, 180లో డొమీనియన్‌ని తమ నేల మీద నుంచి వెళ్లగొట్టారు. ఎడారి మనుషులు చేసింది నార్డులు చెయ్యలేరా అంటాడు. నిజం చెప్పాలంటే చాలాకాలం నా దగ్గర దీనికి జవాబు లేదు.

ఆటలోనే దొరికే ఒక యుద్ధచరిత్ర పుస్తకాన్ని రెండోసారి చదివినప్పుడు దొరికింది. హామర్‌ఫెల్‌లో ఉన్న లీజియన్ సేనాని డెసియానస్‌కి, సైన్యాన్ని తీసుకుని సిరోడీల్‌కి వచ్చెయ్యమని ఆజ్ఞ వచ్చింది. ఆ నేలని గాలికొదిలెయ్యడం అతనికి ఇష్టం లేదు. అందుకని బయల్దేరే ముందు చాలామంది సైనికుల్ని "యుద్ధానికి పనికిరారు" అని కాగితం మీద రాసి సర్వీసు నుంచి తప్పించి, అక్కడే వదిలి వెళ్లాడు. ఆ పనికిరానివాళ్లే వెన్నెముకగా నిలిచిన సైన్యం, ఒప్పందానికి ముందే డొమీనియన్ దళాల్ని ఎడారి అవతలికి తరిమింది. అంటే స్వతంత్ర పోరాటానికి బావ చూపించే ఉదాహరణలో సగం కండ లీజియన్‌దే. ఈ ముక్క చెప్పినప్పుడు బావ కాసేపు టీ తాగుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత, "అయితే మరీ మంచిది, సైనికుల్లో దమ్ముంది, చక్రవర్తిలోనే లేదు" అన్నాడు. అదీ కాదనలేను.

ఇక ఉల్ఫ్రిక్. థాల్మోర్ రాయబార కార్యాలయంలో దూరినప్పుడు అతని మీద ఒక ఫైలు దొరుకుతుంది. యుద్ధంలో పట్టుబడ్డ ఉల్ఫ్రిక్‌ని హింసించారు. రాజధాని పడిపోవడానికి తను చెప్పిన సమాచారమే కారణమని నమ్మించారు. నిజానికి అతను నోరు విప్పేలోపే రాజధాని పడిపోయింది. ఆ ఫైల్లో అతన్ని తమకి పనికొచ్చే మనిషిగానే రాసుకున్నారు. స్టార్మ్‌క్లోకుల గెలుపు కూడా తమకి వద్దని అందులోనే ఉంది! వాళ్లకి కావలసింది యుద్ధం సాగుతూ ఉండడం. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్నట్టు. స్టార్మ్‌క్లోకులు గెలిచి సాలిట్యూడ్ పడిపోయేటప్పుడు లీజియన్ సేనాని జనరల్ టుల్లియస్ కూడా దాదాపు ఇదే చెప్పి చస్తాడు: థాల్మోర్ కోరుకున్నది ఇదే అని.

కాబట్టి ఉల్ఫ్రిక్‌ని అమ్ముడుపోయినవాడు అనడం అన్యాయం. నాకు అతనితో పేచీ విండ్‌హెల్మ్ వీధుల దగ్గరే. అతని సొంత ఊరది. గేటు దాటగానే ఇద్దరు నార్డులు ఒక డన్మర్ (డార్క్ ఎల్ఫ్) ఆడమనిషిని గూఢచారి అని తిడుతూ కనిపిస్తారు. మోరోవిండ్ నుంచి కాందిశీకులుగా వచ్చిన ఆ జనాన్ని గ్రే క్వార్టర్ అనే ఇరుకు పేటలో కుక్కారు. బల్లిమనుషులైన ఆర్గోనియన్లకైతే గోడ లోపల ఉండే హక్కే లేదు, రేవులో పనిచేసి రేవులోనే పడుకోవాలి. రేపు డొమీనియన్ మళ్లీ వస్తే నార్డులొక్కళ్లే సరిపోరు. మోరోవిండ్, హై రాక్, హామర్‌ఫెల్ అందరూ కావాలి. సొంత ఊళ్లో పక్కవాణ్ణి కలుపుకోలేనివాడు పక్క దేశాల్ని ఏం కలుపుతాడు?

పదవుల దగ్గరికొస్తే ఇద్దరూ ఇద్దరే. లీజియన్ గెలిస్తే రిఫ్టెన్ గద్దె మీద మావెన్ బ్లాక్‌బ్రయర్ కూర్చుంటుంది, అంటే దొంగల ముఠాకి అండ. స్టార్మ్‌క్లోకులు గెలిస్తే మార్కార్త్ సిల్వర్‌బ్లడ్ల చేతికి పోతుంది, ఖైదీలతో గని తవ్వించుకునే కుటుంబం అది. ఒక్క విండ్‌హెల్మ్ విషయంలో మాత్రం లీజియన్‌కి మార్కు వెయ్యాలి. అక్కడ జార్ల్ (పాలకుడు) అయ్యే బ్రన్‌వుల్ఫ్ డన్మర్ల మాట వినే మనిషి.

హై హ్రోత్‌గర్ అనే కొండమీది మఠంలో ఇద్దర్నీ కూర్చోబెట్టి తాత్కాలిక సంధి చేయించే దారి కూడా ఉంది. అక్కడ చేసేది ఊళ్ల బేరం. డ్రాగన్ పని అయ్యేదాకా కత్తులు ఒరలో పెట్టుకోవడమే తప్ప తేలేదేమీ ఉండదు.

సామ్రాజ్యం రోగం తెలియక నేను లీజియన్ వైపు నిలబడలేదు. డార్క్ బ్రదర్‌హుడ్ అనే హంతకుల ముఠా కథలో చక్రవర్తిని చంపమని సుపారీ ఇచ్చేది బయటివాడేం కాదు, అతని పెద్దల సభలోని మోటియేర్. వెళ్లి చూస్తే ఆ ముసలి చక్రవర్తి పారిపోడు, అరవడు. నీ కోసమే చూస్తున్నానన్నట్టు మాట్లాడి, తనని చంపించినవాణ్ణి కూడా చంపమని అడుగుతాడు. అలాంటి దర్బారు ఎన్నాళ్లు నిలుస్తుంది? మీడ్ వంశం పోయినా నాకు బాధ లేదు. కానీ సరుకు తెచ్చే బాటలు, మూడు దేశాల నుంచి మనుషుల్ని పోగుచేసే సైన్యం, ఈ రెండూ ఒకసారి విడిపోతే మళ్లీ కట్టుకునేలోపు థాల్మోర్ తలుపు దగ్గరుంటుంది. నా ఓటు లీజియన్‌కే. హామర్‌ఫెల్‌తో మళ్లీ చెయ్యి కలపాలి, ఆ ఒప్పందాన్ని చింపెయ్యాలి. ఈ రెండూ చెయ్యని చక్రవర్తి ఎవడైనా వద్దు.

రోగ్‌విర్ చనిపోయాక అతని సోదరి గ్రేటా సాలిట్యూడ్‌లోనే ఉంటుంది. పలకరిస్తే, రోగ్‌విర్ ఒంటి మీదున్న టాలోస్ తాయెత్తు తెచ్చిపెట్టమంటుంది. నిషేధించిన దేవుడి తాయెత్తు, లీజియన్ కోట ఉన్న ఊళ్లోనే. నేను లీజియన్ కవచం తొడుక్కునే వెళ్లి, శవం దగ్గర అది తీసి ఆమె చేతిలో పెట్టాను. బావకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.