ప్రోబ్ డిజైన్‌కి ప్రైమర్3: ఏళ్ల తరబడి వాడాక నా మాట

రొయ్యల జబ్బుల ల్యాబ్‌లో పని చేస్తాను, హేచరీల సీడ్‌కి (రొయ్య పిల్లలకి) పీసీఆర్ చేయడం, అంటే జబ్బు క్రిమి డీఎన్‌ఏని ట్యూబులో బోలెడు కాపీలు చేసి పట్టుకోవడం, మాకు రోజూ ఉండేదే. కొత్త టెస్ట్ కావాల్సినప్పుడల్లా టాక్‌మన్ ప్రోబ్‌ని (వెతికే డీఎన్‌ఏ దొరికితే వెలుగిచ్చే చిన్న డీఎన్‌ఏ ముక్కని) ప్రైమర్3 అనే సాఫ్ట్‌వేర్‌లోనే డిజైన్ చేస్తాం. డబ్బులు కట్టక్కర్లేదు, లాగిన్ గొడవ లేదు, సీక్వెన్స్ పేస్ట్ చేస్తే క్షణాల్లో ప్రైమర్ల జత (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే డీఎన్‌ఏ ముక్కలు), మధ్యలో ప్రోబ్ ఇచ్చేస్తుంది. నాకు చాలా ఇష్టమైన టూల్ ఇది, అందుకే చెబుతున్నాను, డిఫాల్ట్ సెట్టింగులతో వచ్చిన ప్రోబ్‌ని మాత్రం ఆర్డర్ పెట్టేయకండి.

అందులో ప్రోబ్‌ని ఇంటర్నల్ ఆలిగో అంటారు, దాని టీఎం (అతుక్కున్న ముక్కల్లో సగం ఊడిపోయే వేడి) కూడా ప్రైమర్లకు లాగే 57 నుంచి 63 డిగ్రీలని పెట్టి ఉంటుంది. టాక్‌మన్‌కి అది చాలదు. ప్రైమర్ సాగడం మొదలయ్యేలోపే ప్రోబ్ అతుక్కుని ఉండాలి, అప్పుడే టాక్ ఎంజైమ్ దాన్ని కోస్తుంది, సిగ్నల్ వస్తుంది. కాబట్టి ప్రైమర్ల కంటే 8 నుంచి 10 డిగ్రీలు ఎక్కువ పెట్టండి, పొడవు 30 బేస్‌ల దాకా వదలండి. మెగ్నీషియం గడిలో మీరు వాడే మాస్టర్‌మిక్స్‌లో (పీసీఆర్ రసాయనాల రెడీ మిశ్రమంలో) ఉన్నంతే వేయాలి, లేకపోతే అది చూపించే టీఎంకీ ట్యూబులో జరిగేదానికీ పొంతన ఉండదు. ప్రోబ్ 5' కొసన (మొదట్లో) జీ బేస్ ఉంటే దానికి తగిలించే ఫామ్ (FAM) అనే రంగు వెలుగు తగ్గిపోతుంది, అలాంటి ప్రోబ్‌లు ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి.

అసలు చూసుకోవాల్సింది స్పెసిఫిసిటీ, అంటే మనకి కావాల్సిన క్రిమిని మాత్రమే పట్టుకోవడం. మనం ఇచ్చిన ముక్క ప్రపంచంలో ఇంకెక్కడుందో ప్రైమర్3 వెతకదు. ఈహెచ్‌పీ (రొయ్యని ఎదగనివ్వని మైక్రోస్పోరిడియా రకం పరాన్నజీవి) సంగతే చూడండి, దాని ఎస్ఎస్‌యూ జీన్ (రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ జీన్) మీద చేసిన పీసీఆర్ దాని దగ్గరి చుట్టాలైన వేరే మైక్రోస్పోరిడియాకి కూడా పాజిటివ్ చూపిస్తోందని 2016లో స్పోర్ వాల్ ప్రోటీన్ జీన్ మీద కొత్త టెస్ట్ తెచ్చారు. తప్పుడు పాజిటివ్ వస్తే హేచరీవాళ్లు బంగారం లాంటి సీడ్ పారబోసుకోవాలి, తప్పుడు నెగిటివ్ వస్తే రైతు మేత పోస్తూనే ఉంటాడు, రొయ్య మాత్రం సైజు రాదు, పైగా ఈహెచ్‌పీకి మందు లేదు. అందుకని ప్రైమర్లను ఎన్‌సీబీఐ (అమెరికా జీన్ డేటాబేస్ సంస్థ) వారి ప్రైమర్-బ్లాస్ట్‌లో, అంటే డేటాబేస్ అంతా పోలికలు వెతికే టూల్‌లో వేసి, ప్రోబ్‌ని విడిగా బ్లాస్ట్ చేయకుండా మేం ఏదీ ఆర్డర్ పెట్టం.

డీఎన్‌ఏలో ఏ, టీ బేస్‌లు మరీ ఎక్కువున్న చోట మామూలు ప్రోబ్ బారెడు అవుతుంది, అక్కడ ఎంజీబీ ప్రోబ్ (అతుకు బలం పెంచే రసాయనం తగిలించిన పొట్టి ప్రోబ్) మేలు. దాని టీఎం లెక్క ప్రైమర్3కి రాదు, ప్రోబ్ తయారు చేసే కంపెనీ కాలిక్యులేటర్‌లో చూసుకోవాల్సిందే.