ఫీజు రీయింబర్స్‌మెంటా, బ్యాంకు లోనా, సర్కారు కాలేజీయా: ఏది మేలు?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలయ్యే నాటికి వరంగల్ చుట్టుపక్కల రైతు ఇంట్లో చేతిలో పైసలుండవు. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మగా వచ్చిన డబ్బు పాత బాకీలకే పోయి ఉంటుంది. పత్తి విత్తనాలకూ డీఏపీకీ పెట్టుబడి వెతుక్కునే రోజులవి. పిల్లల సీటు కూడా సరిగ్గా అప్పుడే వస్తుంది.

ఈ ఇంటి లెక్కే పైకి వెళ్లేసరికి పెద్ద వాదన అవుతుంది. "ప్రజల సొమ్ము తీసుకెళ్లి ప్రైవేటు కాలేజీలకెందుకు పోయాలి? పిల్లలకు లోన్లు ఇప్పిస్తే వాళ్లే తీర్చుకుంటారు" అని కొందరు. "చదువుకు అప్పేంటి, అది సర్కారు బాధ్యత" అని మరికొందరు. ఇద్దరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. రీయింబర్స్‌మెంట్ వస్తున్న ఇంట్లో కూడా చదువు కోసం అప్పు ఉంటోంది. కాకపోతే అది బ్యాంకు అప్పు కాదు.

ముందు రీయింబర్స్‌మెంట్, అంటే విద్యార్థి ఫీజు సర్కారు కట్టే పథకం సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008-09లో దీన్ని పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. ఊళ్లలో తొలి తరం ఇంజనీర్లు చాలామంది దీనితోనే చదివారు, ఆ మేలును కాదనలేం. ఇప్పుడున్న పద్ధతిలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు మొత్తం ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీలకు ర్యాంకు 10 వేల లోపు ఉంటే మొత్తం, దాటితే సాధారణంగా ఏడాదికి 35 వేలు. కౌన్సెలింగ్‌తో పనిలేకుండా కాలేజీయే అమ్ముకునే మేనేజ్‌మెంట్ కోటాకు ఏమీ రాదు. కాలేజీ ఫీజు 90 వేలనుకోండి, 20 వేల ర్యాంకు వచ్చిన బీసీ అబ్బాయి ఏడాదికి 55 వేలు సొంతంగా కట్టాలి. నాలుగేళ్లకు 2 లక్షల 20 వేలు. బస్సు, హాస్టల్, పుస్తకాలు వేరే. దీన్ని ఉచిత చదువని ఎలా అంటారో నాకు అర్థం కాదు.

ఆదాయ పరిమితి మరో తలనొప్పి. బీసీ, ఈబీసీ కుటుంబాలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. నెలకు 17 వేల జీతం వచ్చినా పట్టణ పరిమితి దాటిపోయినట్టే. భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు, హన్మకొండ డిపోలో ఆర్టీసీ కండక్టర్ ఈ లెక్కలో ఉన్నోళ్ల కిందికి వస్తారు. ఏటా ఏ పంటకు ఎంత వచ్చిందో చెప్పలేని రైతు మాత్రం మీసేవలో దరఖాస్తు పెట్టుకుని తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రంతో లోపలికి వస్తాడు. అతనికి రావద్దని కాదు, ఆ గీత ఎప్పుడో గీసింది, ఫీజులు పెరిగినా అది కదల్లేదు.

అసలు బాధ బకాయిలు. బిల్లు పాసైందని ట్రెజరీ కాలేజీలకు టోకెన్లు ఇస్తుంది, డబ్బు మాత్రం పడదు. 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం ఏకంగా బంద్ పాటించాయి. యాజమాన్యాలు జీతాలివ్వలేకపోతున్నామంటాయి, అందులో నిజమూ ఉంది. కానీ ఆ భారం అక్కడితో ఆగదు. "సర్కారు ఇవ్వలేదు, ముందు మీరు కట్టండి, వచ్చినప్పుడు వాపస్ ఇస్తాం" అన్న మాట విద్యార్థి దగ్గరికి వస్తుంది. నాలుగో ఏడు అయ్యాక టీసీ, మెమోలు ఆపుతారు. కంపెనీలో చేరే తేదీ దగ్గర పడుతుంటే తండ్రి మార్కెట్‌లో అప్పులిచ్చే అడ్తిదారు దగ్గరికి ఉరుకుతాడు.

అక్కడ నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి, అంటే ఏడాదికి 24 శాతం. 70 వేలు తెస్తే నెలకు 1,400, ఏడాదికి 16,800. అదే మొత్తానికి బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ 10 శాతానికి ఇస్తే ఏడాది వడ్డీ 7 వేలు. ఎప్పటికో సర్కారు డబ్బు వచ్చి కాలేజీ వాపస్ ఇచ్చినా వచ్చేది అసలే, కట్టిన మిత్తి ఎవరూ ఇవ్వరు. "లోన్ జోలికి పోలేదు, మాకు రీయింబర్స్‌మెంట్ ఉంది" అనుకున్న కుటుంబం బ్యాంకు కన్నా రెట్టింపుకు పైగా మిత్తి కడుతోంది. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో ఇదే డబ్బును తల్లుల ఖాతాల్లో వేసి చూశారు, అక్కడా బకాయిలు తప్పలేదు. డబ్బు ఎవరి ఖాతాలో వేయాలన్నది తర్వాతి మాట, ముందు సమయానికి విడుదల కావాలి కదా.

బ్యాంకు లోన్ గురించి మన దగ్గర భయం ఎక్కువ, సమాచారం తక్కువ. 4 లక్షల వరకు తనఖా అడగకూడదు, మన వాటా కింద ముందు పెట్టాల్సిన డబ్బూ ఉండదు. అర్హత ఉన్న లోన్లకు 7.5 లక్షల దాకా కేంద్రం గ్యారంటీ ఉంది. చదువు నడిచినన్నాళ్లూ, ఆ తర్వాత ఇంకో ఏడాదీ కిస్తీ ఉండదు. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపైతే ఆ గడువులో పడే వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. అయితే కోర్సు సాంకేతిక, వృత్తి విద్య అయి ఉండాలి. కాలేజీకి న్యాక్ గుర్తింపో, కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపో కావాలి. కాలేజీలో చేరాక కాదు, ఆప్షన్లు పెట్టేముందే ఇది చూసుకోవాలి.

లెక్క వేద్దాం. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లు, 10 శాతం వడ్డీ. వడ్డీ సబ్సిడీ రాకపోతే కిస్తీలు మొదలయ్యేనాటికి బాకీ సుమారు 5 లక్షల 40 వేలు. పదేళ్లలో తీరిస్తే నెలకు 7,100 పైచిలుకు. సబ్సిడీ వస్తే బాకీ 4 లక్షల దగ్గరే ఆగుతుంది, కిస్తీ దాదాపు 5,300. హైదరాబాద్‌లో 20 వేల జీతంతో మొదలుపెట్టినవాడికి 5,300 కష్టమైనా నెట్టుకురావచ్చు, 7,100 అయితే ఇంటి నుంచి డబ్బు అడగాల్సిందే. ఉద్యోగమే దొరక్కపోతే రెండూ మోయలేనివే, లోన్ వాదులు ఈ మాట ఎత్తరు. అది చాలదన్నట్టు పంట లోన్ బాకీ ఉన్న తండ్రి సిబిల్ (అప్పులు తీర్చిన తీరు చెప్పే స్కోరు) చూసి మేనేజర్ ముఖం చిట్లిస్తాడు.

లోన్‌కు అస్సలు వెనకాడక్కర్లేని చోటు కాజీపేట దారిలోనే ఉంది. వరంగల్ ఎన్‌ఐటీలో ఏడాది ట్యూషన్ ఫీజు లక్షా 25 వేలు. ఎస్సీ, ఎస్టీలకు అది పూర్తిగా మాఫీ. మిగతావారిలో ఆదాయం లక్ష లోపు ఉంటే మొత్తం, 5 లక్షల లోపు ఉంటే మూడింట రెండు వంతులు తగ్గుతుంది. మిగిలిన దానికీ హాస్టల్‌కూ 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద తనఖా, పూచీకత్తు లేకుండా లోన్ వస్తుంది.

రైతు రుణమాఫీ చేసినప్పుడు చదువు లోన్లు ఎందుకు మాఫీ చేయరని అడిగేవాళ్లున్నారు. అమెరికాలో బైడెన్ ఆ ప్రయత్నమే చేస్తే 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. మాఫీ మాట వినగానే ఇక్కడ కిస్తీలు కట్టడం మానేస్తారు, సిబిల్ చెడేది పిల్లలది. దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక సర్కారు కాలేజీ. ప్రజల సొమ్ము ఎక్కడ పెట్టాలని నన్నడిగితే ఇక్కడే అంటాను. రీయింబర్స్‌మెంట్ కింద ఇచ్చింది ఆ ఏడాదితో అయిపోతుంది. కాకతీయ యూనివర్సిటీలో ఒక ల్యాబ్ కట్టి, పర్మనెంట్ అధ్యాపకుణ్ని పెడితే ముప్పై బ్యాచ్‌లు చదువుకుంటాయి. కానీ రాష్ట్రంలో లక్షకు పైగా ఇంజనీరింగ్ సీట్లుంటే ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీలవి కొన్ని వేలే. జగిత్యాల, మంథని జేఎన్‌టీయూ కాలేజీలు, బాసర ట్రిపుల్ ఐటీ మన ఉత్తర తెలంగాణకు దక్కినవే, అయితే అధ్యాపకుల ఖాళీలను కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ వాళ్లతో నెట్టుకొస్తున్నారు. ఆ సీట్లు పెరిగేదాకా రీయింబర్స్‌మెంట్ ఆపమనడం కూడా అన్యాయమే. ఆపితే చాలా ఇళ్లలో ముందు మానిపించేది ఆడపిల్ల చదువునే.

ఈ ఏడాది సీటు చూసుకునే ఇంటికి నా మాట ఇది. ఇంట్లో ఇప్పుడే పదో తరగతి పాసైన పిల్లలుండి మార్కులు బాగుంటే బాసరకు దరఖాస్తు పెట్టండి. సర్కారు యూనివర్సిటీలో అనుకున్న బ్రాంచ్ రాకపోయినా ఒకసారి ఆలోచించండి. ప్రైవేటులో చేరితే కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ కోటాలోనే, అదీ 35 వేలు పోను మిగిలే ఫీజు మోయగలిగితేనే. లోన్ తీసుకుని మేనేజ్‌మెంట్ సీటు కొనడం మాత్రం వద్దు.

రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉన్నా సీటు రాగానే బ్యాంకుకు వెళ్లి వివరం ఉన్నదున్నట్టు చెప్పి లోన్‌కు దరఖాస్తు చేయండి. మంజూరైనంత మాత్రాన వడ్డీ పడదు, కాలేజీకి కట్టిన మొత్తం మీదే పడుతుంది. బకాయిల పేరుతో కాలేజీ ఒత్తిడి తెస్తే అడ్తిదారు దగ్గరికి పోకుండా అందులోంచి కట్టవచ్చు. తర్వాత సర్కారు డబ్బు వస్తే నేరుగా లోన్ ఖాతాలో వేయండి. ఫ్లోటింగ్ వడ్డీ లోన్‌ను ముందుగా తీరిస్తే జరిమానా ఉండదు. కాలేజీ ఇచ్చే రసీదు మీద "రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి ఇవ్వవలసినది" అని రాయించుకోండి. నోటిమాటకు ఒప్పుకోవద్దు.