మోడల్ ఎ కూపేకి డ్యూస్ ఛాసిస్: ఎనిమిదేళ్లు, 19,000 మైళ్ల తర్వాత

ఎనిమిదేళ్ల కిందట ఒహాయోలోని మా ఇంటి గ్యారేజీలో నా 1931 ఫోర్డ్ మోడల్ ఎ కూపే బాడీని పైకెత్తి, పాత ఛాసిస్‌ను పక్కకు లాగి, 1932 ఫోర్డ్ (ముద్దుపేరు ‘డ్యూస్’) నమూనాలో కొత్తగా తయారైన ఛాసిస్ మీద కూర్చోబెట్టాను. ఆ కారులో ఇప్పటికి 19,000 మైళ్లు తిరిగాను. ఏటా ఆగస్టులో కెంటకీలోని లూయివిల్‌లో జరిగే స్ట్రీట్ రాడ్ నేషనల్స్‌కు (ఇలా మార్చి కట్టుకున్న పాత కార్ల మేళా) మూడుసార్లు దాన్ని నడుపుకుంటూనే వెళ్లి వచ్చాను. ఇలాంటి పనికి పూనుకునేవారికి పనికొస్తుందని ఈ అనుభవం రాస్తున్నాను.

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టడం చూసినవారికి ఛాసిస్ అంటే వివరించనక్కర్లేదు. చట్రం, ఇంజను, చక్రాలు కలిసి ఒక బండిగా వస్తాయి, బాడీని తర్వాత దానిమీద కడతారు. పాత ఫోర్డు కార్ల నిర్మాణమూ అదే. బాడీని అలాగే ఉంచుకుని కింద ఉన్నదంతా మార్చుకోగలిగే వీలు అక్కడినుంచే వచ్చింది.

మోడల్ ఎ ఇంజను శక్తి 40 హార్స్‌పవర్. దాని చట్రం సన్నని రేకుతో చేసింది, గుంతల రోడ్ల మీద కాస్త వంగుతూ సాగేది. నేను పెట్టదలచినది ఫోర్డ్ 302 వీ8, అంతకన్నా ఎంతో శక్తిగల ఎనిమిది సిలిండర్ల ఇంజను. అయినా పాత చట్రాన్ని వెంటనే తీసిపారేయలేదు. తాపీమేస్త్రి గోడ నిలువు చూసినట్టు దారానికి గుండు కట్టి, చట్రంలో ఎడమా కుడీ ఒకే చోట ఉండే రంధ్రాల నుంచి కిందికి వదిలి, నేలమీద సుద్దతో గుర్తులు పెట్టాను. మూల నుంచి మూలకు కొలిస్తే రెండు కొలతలకూ 5/8 అంగుళం తేడా వచ్చింది. అడ్డ దూలాలను రివెట్లతో బిగించిన చోట రెండు రేకుల మధ్య తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి ఉంది. మంచు కరిగించడానికి ఇక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పు చేసిన పని అది. ఆ చట్రాన్ని బాగుచేయించడం నా శక్తికి మించిన పని అనిపించింది.

కొత్తది కొనాలంటే రెండు దారులు కనిపించాయి. మోడల్ ఎ కొలతలకే చదరపు గొట్టాలతో చేసిన చట్రం చవక, బాడీ నేరుగా కూర్చుంటుంది. రెండోది డ్యూస్, అంటే 1932 నమూనా. మోడల్ ఎలో ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 103.5 అంగుళాలు, డ్యూస్‌లో 106. ఆ రెండున్నర అంగుళాలూ వీ8కి చాలా అక్కరకొస్తాయి. ఇంకో కారణం అందం. డ్యూస్ పక్క దూలాల మీద పొడవునా ఒక వంపు గీత అచ్చుపోసి ఉంటుంది. ఫెండర్లు (చక్రాల మీది మడ్‌గార్డులు) తీసేసిన కారులో బాడీ కింద ఆ గీత కనబడుతుంటే నాకు ఇప్పటికీ ఆగి చూడాలనిపిస్తుంది. అడ్డ దూలాలతో సహా చట్రానికి 3,800 డాలర్లు ఇచ్చాను, రవాణా అదనం. మోడల్ ఎ బాడీ కోసమని ముందే చెప్పి, ముందుభాగం కాస్త లోపలికి నొక్కి ఇమ్మని అడిగాను. ఆ మాట చెప్పకపోతే చట్రం బాడీ ముందు అంచుల దగ్గర బయటికి పొడుచుకొస్తుంది. అలా చెప్పి తెప్పించుకున్నా బాడీ అడుగు భాగాన్ని కోసి సర్దడానికి నాకు నెల పట్టింది.

ఇక అసలు సంగతి, మెలి. పాత చట్రపు దూలానికి మూడు వైపులే ఉంటాయి, లోపలి వైపు తెరిచి ఉంటుంది. కొత్తదానికి ఆ నాలుగో వైపు కూడా పలక పెట్టి వెల్డింగ్ చేశారు. కాగితాన్ని గొట్టంలా చుట్టి, అంచు అంటించి మెలితిప్పి చూడండి. తర్వాత అంటు విప్పి మళ్లీ తిప్పండి. తేడా చేతికే తెలుస్తుంది. పాత ఛాసిస్ మీద ఉండగా వెనక కుడిచక్రం కింద జాకీ పెట్టి లేపితే తలుపు పై సందులో అగ్గిపుల్ల బిగుసుకుపోయేది, తలుపు తెరవాలంటే భుజంతో నెట్టాల్సి వచ్చేది. కొత్త ఛాసిస్ మీద అదే మూల లేపి చూశాను. అగ్గిపుల్ల వదులుగా జారింది, తలుపు ఒక్క వేలితో తెరుచుకుంది. పోయిన నెల మళ్లీ చూశాను, అలాగే ఉంది. ఎనిమిదేళ్లలో ఒక్క వెల్డింగ్ అతుకు కూడా చిట్లలేదు. ఈ ఒక్క గుణం కోసమైనా మళ్లీ ఇదే రకం కొంటాను.

ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ పెట్టుకోమని చాలామంది సలహా ఇచ్చారు. ఫెండర్లు లేని కారులో అది బయటికి కనబడుతుంది, చూడడానికి నాకు నచ్చదు. నాలుగు అంగుళాలు కిందికి వంచిన ఐ ఆకారపు ఇరుసు, దానిమీద అడ్డంగా ఒకే కమాను కట్ట పెట్టుకున్నాను. మంచి రోడ్డు మీద హాయిగా ఉంటుంది, గుంతల్లో గట్టిగా కుదుపుతుంది. మొదటి ఏడాది మాత్రం 55 మైళ్ల వేగం దాటితే భయం వేసేది. స్టీరింగ్ తిప్పగానే చక్రాలు తిరగకముందే కమాను షాకిల్స్ (కమాను చివరలను పట్టి ఊగే లంకెలు) మీద చట్రం పక్కకు జరిగేది. నాకు అమ్మిన సామగ్రిలో ఆ జరుగుడును ఆపే పాన్‌హార్డ్ కడ్డీ లేదు, అవసరమని ఎవరూ చెప్పలేదు. ఒక చివర ఎడమవైపు చట్రానికి, రెండో చివర కుడివైపు ఇరుసుకు బిగించాను. స్టీరింగ్ అడ్డకడ్డీకి సమాంతరంగా, వీలైనంత అదే పొడవులో ఉండేట్టు చూసుకున్నాను. లేదంటే గుంతలో పడిన ప్రతిసారీ స్టీరింగ్ తనంతట తానే తిరుగుతుంది. ఆ కడ్డీ పడిన రోజు నుంచి కారు గీత గీసినట్టు వెళుతోంది. కమాను, స్టీరింగ్ కడ్డీ రెండూ అడ్డంగా ఉన్న ఛాసిస్ కొనేవారు ఈ కడ్డీని మొదటిరోజే బిగించుకోవాలి.

నా పెద్ద ఫిర్యాదు గేర్‌బాక్సు కింది అడ్డ దూలం మీద. దాన్ని బోల్టులతో కాకుండా వెల్డింగ్‌తో అతికించి పంపారు. ఆరో ఏట క్లచ్ ప్లేటు అరిగిపోతే, గేర్‌బాక్సు ఒక్కటే కిందికి దిగదు కాబట్టి ఇంజనుతో సహా పైకి లాగాల్సి వచ్చింది. ఒక పూటలో తేలిపోవాల్సిన పనికి రెండు వారాంతాలు పోయాయి. ఆర్డరు ఇచ్చేముందు ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి.

బ్రేకుల విషయంలోనూ ఒక లోటు ఉంది. ఇందులో మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేకు ద్రవాన్ని చక్రాలకు నెట్టే పంపు) నేలపలక కింద, చట్రానికి బిగించి ఉంటుంది. అంత కిందికి ఉండడంతో ద్రవం చక్రాల నుంచి వెనక్కి జారి పెడల్ లోపలికి దిగిపోతుంది. ముందు డిస్కులకు 2, వెనక డ్రమ్ములకు 10 పౌండ్ల పీడనం నిలిపి ఉంచే వాల్వులు వేశాకే పెడల్ నిలబడింది. వెనక స్ప్రింగులు కూడా నా తేలికపాటి కూపేకి మరీ గట్టివి. మెత్తనివి వేశాక నా భార్య దూరప్రయాణాలకు రావడం మొదలుపెట్టింది.

కాగితాల సంగతి ముందే చూసుకోండి. మోడల్ ఎ నంబరు ఇంజను మీదే కాకుండా చట్రం ఎడమ దూలం పైన, బాడీ మరుగున కూడా కొట్టి ఉంటుంది. చట్రం మారితే రిజిస్ట్రేషన్ ఎలా చేయాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. నేను కొనకముందే కార్యాలయానికి వెళ్లి అడిగాను, రసీదులన్నీ దాచాను, పాత చట్రాన్ని నంబరుతో సహా గ్యారేజీ గోడకు వేలాడదీసి ఉంచాను.

అసలు నాలుగు సిలిండర్ల ఇంజనే ఉంచుకునేవారికి ఇంత ఖర్చు అనవసరం. పాత చట్రం సరిగ్గా ఉంటే దాన్నే శుభ్రం చేసుకుని వాడుకోవచ్చు. పోయిన వారం ఒక మిత్రుడు తన 1930 పికప్ గురించి అడిగితే, ఏదైనా కొనేముందు గుండు, దారం, సుద్దముక్క తీసుకుని శనివారం మా ఇంటికి రమ్మన్నాను.