గిటారు చెక్క కోసం గొల్లపల్లి దాకా

టింబర్ డిపోలో ఎవరైనా "మూడేళ్లు ఆరిన చెక్క సార్" అంటే నమ్మకండి. నేను నమ్మాను. ఈ ప్రయాణం మొదలైందే ఆ మాట వల్ల.

మా అమ్మాయికి ఎలక్ట్రిక్ గిటారు ఇంట్లోనే చేసి ఇస్తానని మాటిచ్చాను. మాది విశాఖపట్నం. నవంబర్‌లో ఇక్కడి ఒక డిపోలో 20 అంగుళాల పొడవు, 14 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న పనస చెక్క కొన్నాను. చిత్రిక పట్టడంతో కలిపి 1,200 రూపాయలు. రెండు నెలలు ఆదివారాలన్నీ దాని మీదే పెట్టి ఫెండర్ కంపెనీ వాళ్ల టెలికాస్టర్ గిటారు ఆకారంలో కోసి, నెక్ (తీగలు నొక్కే పొడుగాటి మెడ) కూర్చునే గాడి తొలిచి, సీలర్ (చెక్క రంధ్రాలు మూసే పూత) కూడా కొట్టాను. ఫిబ్రవరిలో ఒక రోజు పొద్దున్నే చూస్తే ఆ గాడి మూల నుంచి, తీగలు కింద ఆనే బ్రిడ్జ్ వైపు జానెడు పగులు. మిగిలిన ముక్కని వంటింటి తూకం మీద పెడితే 1,180 గ్రాములు. ఆరు వారాల తర్వాత అదే ముక్క 1,060 గ్రాములు. ఆ తేడా అంతా నీరే. చెక్క ఆరేటప్పుడు పొడవులో పెద్దగా మారదు, అడ్డంగా కుంచించుకుపోతుంది. మామూలు 10 నంబరు తీగల సెట్ బిగిస్తే ఆరు తీగలూ కలిపి 45 కిలోల పైనే లాగుతాయి. ఆ లాగుడు తట్టుకోవాల్సిన చోటే పగిలింది. డిపోకి వెళ్లి చూపిస్తే "మీరు ఎండలో పెట్టి ఉంటారు" అన్నారు. కనీసం ముక్క చేతిలోకి కూడా తీసుకోలేదు.

అప్పుడు వచ్చింది ఆలోచన. పనస చెక్కతో తరతరాలుగా వీణలు చేసేవాళ్లు మన పక్కనే ఉండగా నేను డిపోల చుట్టూ ఎందుకు తిరగాలి? బొబ్బిలి వీణలు చేసేది బొబ్బిలి పక్కనే ఉన్న గొల్లపల్లిలో. సర్వసిద్ధి ఇంటిపేరున్న కుటుంబాలు ఈ పనికి పేరుపొందాయి. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు అవగానే ఏప్రిల్‌లో బయల్దేరాం. నేను, తను, మా బావమరిది. కారు బావమరిదిది, పెట్రోలు నాది. వాడికి చెక్క మీద ఆసక్తి లేదు. "ఎంత ఖర్చయినా కొత్త గిటారు కొనెయ్ బావా" అని విజయనగరం దాటే వరకూ అంటూనే ఉన్నాడు. రోడ్డు బాగుంది, మధ్యలో ఒకసారి టీ తాగాం, చీకటి పడేసరికి బొబ్బిలి చేరాం.

లాడ్జి గురించి మాత్రం వివరంగా రాయాలి, ఎందుకంటే ఆ రాత్రి మా ముగ్గురికీ నిద్ర లేదు. ఫోనులో ఏసీ గది 1,400 అన్నారు. కౌంటర్ దగ్గరికి వెళ్లాక 1,900 అన్నారు. పెళ్లిళ్ల సీజనట. ఆధార్ జిరాక్సులకి మనిషికి పది రూపాయలు, పైన 500 అడ్వాన్సు. గదిలోకి వెళితే ఏసీకి రిమోట్ లేదు. అడిగితే అరగంటకి ఒక కుర్రాడు తెచ్చాడు, అందులో బ్యాటరీలు లేవు. బావమరిది బయటికి వెళ్లి 40 రూపాయలు పెట్టి బ్యాటరీలు కొనుక్కొచ్చాడు. ఏసీ తిరిగింది, గాలి మాత్రం ఫ్యాన్ గాలిలాగే వచ్చింది. దుప్పటి మార్చమంటే అదే దుప్పటిని తిరగేసి పరిచాడు. రాత్రి ఒంటిగంటకి కరెంటు పోయింది. జనరేటరు వరండా లైట్లకే అట, గదులకి రాదట. కిటికీ తెరిస్తే దోమలు, మూస్తే ఉక్క. మా అమ్మాయి రెండు గంటల వరకూ ఓర్చుకుని, తర్వాత లేచి "నాన్నా, కార్లో పడుకుంటాను" అంది. పిల్ల అలా అడిగేసరికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ముగ్గురం కిందికి దిగి కారు అద్దాలు సగం దించుకుని తెల్లవారే వరకూ కూర్చున్నాం.

పొద్దున ఖాళీ చేసేటప్పుడు బిల్లు ఇవ్వమంటే బుక్కు అయిపోయిందన్నారు. అడ్వాన్సులో 200 కోసుకున్నారు. తువ్వాలు మీద మరక పడిందట. ఆ తువ్వాలు మేం ముట్టుకోనే లేదు. సాధారణంగా ఎవరితోనూ గొడవపడని మా బావమరిది ఆ రోజు గట్టిగానే అరిచాడు. డబ్బు రాలేదు. మీరు వెళితే బొబ్బిలిలో ఉండాలనుకోకండి. విజయనగరంలో పడుకుని పొద్దున్నే బయల్దేరండి, లేదా విశాఖ నుంచి తెల్లవారుజామున బయల్దేరి రాత్రికి తిరిగి వచ్చేయండి. తప్పక ఉండాల్సి వస్తే గది చూసి, ఏసీ వేయించి, చల్లబడ్డాకే డబ్బు కట్టండి.

అంత చిరాకుతో గొల్లపల్లి వెళ్లాం. వెళ్లిన పావుగంటలో ఆ చిరాకంతా పోయింది.

ఒక ఇంటి వసారాలో పెద్దాయన పనస దుంగ ముందు కూర్చుని ఉలితో వీణ కుండ తొలుస్తున్నాడు. కుండ, దండి, తల మూడూ ఒకే చెక్కలో వస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. బయటి ఆకారం బాడితతో తెచ్చి, లోపల ఉలితో బోలు చేసి, పైన పలక బిగిస్తారు. చివర సింహం లాంటి యాళి తల చెక్కుతారు. వసారా గోడకి ఆనించి ఎన్నో చెక్కలు నిలబెట్టి ఉన్నాయి. కొన్ని పసుపు రంగులో, కొన్ని ఎర్రబడి. పనస కోసిన కొత్తలో పసుపుగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రమట్టి రంగుకి తిరుగుతుంది. నా పగిలిన బాడీ సంచిలోంచి తీసి ఆయన చేతికిచ్చాను. బోర్లా తిప్పి, అంచు మీద వేలి గోరుతో గీసి, "ఏటి బాబూ, ఇది చెట్టు కొట్టి ఏడాది కూడా అయినట్టు లేదు" అన్నాడు.

నేను గోడ దగ్గరున్న ఒక మంచి చెక్క చూపించి అది కావాలన్నాను. వెడల్పుగా ఉంది, ఎక్కడా కణుపు లేదు. ఆయన ఇవ్వనన్నాడు. డబ్బు ఎక్కువిస్తానన్నాను. "అది ఇంకా ఆరలేదు. ఇప్పుడు ఇచ్చేస్తే రేపు దీనిలాగే అవుతుంది. అప్పుడు నువ్వు గొల్లపల్లి చెక్క అని చెప్పుకుంటావు" అన్నాడు. నా డిపో అనుభవం తర్వాత ఆ మాట వింటే ఎలా ఉంటుందో ఆలోచించండి. అమ్మేవాడే వద్దంటున్నాడు. లోపలికి వెళ్లి ఒక ఎర్రబడిన పలక తెచ్చాడు. వీణకి పెట్టిన దుంగలో ఒక మూల కణుపు వచ్చిందట, అందుకని పక్కన పెట్టేశాడట. వేళ్ల కణుపులతో తట్టి వినిపించాడు. నా పాత చెక్క మీద తడితే డొక్కుగా, మొద్దుగా వచ్చింది. దీని మీద గంటలా కాకపోయినా స్పష్టంగా, కాసేపు నిలబడే మోత వచ్చింది. మా అమ్మాయి రెండూ మార్చి మార్చి తట్టి చూసింది. నేను గీసుకెళ్లిన అట్టముక్క నమూనా పలక మీద పెట్టి, కణుపు బయటికి పోయేలా ఆయనే జరిపాడు. ధర 900 రూపాయలు. డిపోవాడి కంటే 300 తక్కువ.

తర్వాత గంటన్నర మాటల్లో పడ్డాం. వీణకి 24 మెట్లు. వాటిని మైనంలో కూర్చోబెడతారు, చెవితో విని అటూ ఇటూ జరుపుతారు. గిటారు మెట్లు, అంటే ఫ్రెట్లు, అలా కాదు. నెక్‌లో రంపంతో గాడి కోసి సుత్తితో దిగ్గొట్టాలి, ఒకసారి కొడితే అంతే. నేను లెక్క చెప్పాను: తీగ పొడవు 648 మిల్లీమీటర్లయితే దాన్ని 17.817తో భాగించాలి, వచ్చిన 36.37 మిల్లీమీటర్ల దగ్గర మొదటి ఫ్రెట్, మిగిలిన పొడవుని మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. అలా చేసుకుంటూ పోతే 12వది సరిగ్గా సగంలో వస్తుంది. ఆయన శ్రద్ధగా విని, పక్కనే ఉన్న వీణ మీద 12వ మెట్టు చూపించి "మాకూ అక్కడే" అన్నాడు. ఆ క్షణం మా అమ్మాయి ముఖం చూడాల్సింది. బావమరిది కూడా ఫోను జేబులో పెట్టేసి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు 1,200 పెట్టి ఒక చిన్న బొమ్మ వీణ కొన్నాడు.

బరువు తగ్గించే ఉపాయం కూడా ఆయనే చెప్పాడు. పనస గట్టిదే, నిండుగా ఉంచితే బాడీ ఒక్కటే రెండున్నర కిలోలు దాటుతుంది. "మా కుండలాగ లోపల తొలిచి పైన పలక వెయ్యి" అన్నాడు. ఫెండర్ వాళ్లు 1968లో తెచ్చిన థిన్‌లైన్ టెలికాస్టర్ కూడా లోపల బోలుగా ఉండేదే. నాకు ఆ సంగతి తెలిసి కూడా తట్టలేదు. విశాఖ వచ్చాక సామిల్లులో 200 ఇచ్చి 6 మిల్లీమీటర్ల పలక చీల్పించాను. బ్రిడ్జ్ కింద, నెక్ కింద గట్టిగా వదిలి, రెండు పక్కలా తొలిచాను. ఇప్పుడు బాడీ 2 కిలోల 100 గ్రాములు.

మధ్యాహ్నం భోజనం బొబ్బిలిలోనే ఒక మెస్‌లో. బోర్డు కూడా సరిగా లేదు, రాత్రి లాడ్జి తర్వాత నాకు ఏ ఆశా లేదు. 120 రూపాయల భోజనంలో ఆవ పెట్టిన పనసపొట్టు కూర వేశారు. ఆవ ఘాటు ముక్కుకి తగిలింది, పొట్టు మెత్తబడకుండా పొడిపొడిగా ఉంది, ఎండుమిరపకాయల పోపు, జీడిపప్పు. వడ్డించే ఆవిడ మా అమ్మాయి ఆకు చూసి అడక్కుండానే మళ్లీ వేసింది, "తినమ్మా, రాత్రి పడుకోలేదా ఏంటి, కళ్లు అలా ఉన్నాయి" అని. లాడ్జిలో మమ్మల్ని అడగాల్సిన ప్రశ్న మెస్‌లో అడిగారు. బావమరిది మూడుసార్లు అన్నం పెట్టించుకుని, రాత్రంతా మూతి ముడుచుకున్నవాడు కారులో పాటలు పెట్టాడు.

మర్నాడు ఏటికొప్పాక. విశాఖ నుంచి తుని వైపు హైవేలో గంటన్నర, వరాహ నది ఒడ్డున ఉంటుంది. వాల్యూమ్, టోన్ తిప్పే మరలకీ, స్విచ్ కొసకీ ప్లాస్టిక్ టోపీలు పెట్టడం నాకు ఇష్టం లేదు. లక్కబొమ్మలు చేసేచోట అవి చేయించాలని. అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీని అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. ఎరుపు జాఫ్రా గింజలది, నీలం నీలిమందుది. మూడు ముక్కలకి 450 తీసుకున్నారు, గంటలో అయిపోయింది. ఒక్క సలహా: మీ పొటెన్షియోమీటర్ (టోపీ ఎక్కే కాడ ఉన్న భాగం) వెంట తీసుకెళ్లండి. కాడ 6 మిల్లీమీటర్లని నోటితో చెబితే మొదటిది వదులుగా వచ్చింది, కాడ చేతికిచ్చాక రెండోది బిగుతుగా కుదిరింది. మొదటిదానికి డబ్బు తీసుకోలేదు.

బాడీకి కూడా అదే లక్క వేయగలరా అని అడిగాను. గుండ్రంగా తిరిగే కర్రకే అది కుదురుతుంది, చదును చెక్కకి కాదన్నారు. పొరలుగా దొరికే లక్కని స్పిరిట్‌లో కరిగించి గుడ్డ ఉండతో పట్టించుకోమన్నారు. ఇంట్లో అదే చేశాను. 120తో మొదలుపెట్టి 180, 240, 320 నంబరు ఉప్పుకాగితాలతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, లేచిన నూగుని మళ్లీ 320తో తీసేసి, రోజుకి మూడు పూతల చొప్పున ఎనిమిది రోజులు. జూన్‌లో ఒక సాయంత్రం సముద్రం గాలి తేమగా ఉన్నప్పుడు వేస్తే పూత మీద పాలపొరలా తెల్లగా వచ్చేసింది. మర్నాడు ఎండ ఎక్కాక పలుచగా స్పిరిట్ గుడ్డతో తుడిస్తే పోయింది. విశాఖలో ఉండేవాళ్లు ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు లోపలే వేయండి. లక్క టోపీలకి మాత్రం స్పిరిట్ తగలనివ్వకండి, రంగు ఊడుతుంది.

ఖర్చు: నెక్ 5,200, తీగల మోతని కరెంటుగా మార్చే పికప్‌లు 2,800, బ్రిడ్జ్ 1,100, ట్యూనర్లు 1,300, పొటెన్షియోమీటర్లు, స్విచ్, జాక్ కలిపి 650, తీగలు 590, చెక్క 900, చీల్పించడం 200, రౌటర్ అద్దె రెండు రోజులకి 1,000, లక్క, స్పిరిట్, కాగితాలు 850, టోపీలు 450. మొత్తం 15,040. పగిలిపోయిన 1,200 ఇందులో లేదు. ప్రయాణానికి పెట్రోలు 2,600, లాడ్జికి ఆ 1,900, పైన కోసుకున్న 200.

పోయిన ఆదివారం తీగలు బిగించాం. ఆంప్‌కి పెట్టకముందే మోత ఒంట్లోకి తగిలింది. మా అమ్మాయి ఒక తీగ మీటి, బాడీకి చెవి ఆనించి కళ్లు మూసుకుంది. గొల్లపల్లి పెద్దాయనకి ఫోను చేసి స్పీకర్లో వినిపించాం. కాసేపు విని, గాడి మూల దగ్గర పగులేమైనా వచ్చిందా అని అడిగాడు. రాలేదన్నాను. "వానలు వెళ్లనీ. కార్తీకంలో చూసి చెప్పు" అన్నాడు.