కార్నివల్ ఆఫ్ సోల్స్ (1962): కొనేముందు ఒక మాట

ఈ నలుపు తెలుపు అమెరికన్ హారర్ సినిమా నా దగ్గర మూడు రకాలుగా ఉంది: ఊరూ పేరూ లేని ఒక చవక డీవీడీ, పాత మంచి సినిమాలను డిస్కులుగా తెచ్చే క్రైటీరియన్ సంస్థ 2000లో తెచ్చిన రెండు డిస్కుల డీవీడీ, వాళ్లదే 2016 నాటి బ్లూరే. ఏళ్లుగా మార్చి మార్చి చూస్తున్నా. ఒక్కటే కొనేట్టయితే బ్లూరే కొనండి. బొమ్మ కోసం కాదు, శబ్దం కోసం.

మేరీ హెన్రీ ఉన్న కారు వంతెన మీంచి నదిలో పడుతుంది. కొన్ని గంటల తర్వాత ఆమె ఒక్కతే బురద కొట్టుకుని ఒడ్డుకొస్తుంది. తర్వాత అమెరికాలోని యూటా రాష్ట్రంలో చర్చిలో ఆర్గాన్ వాయించే పనిలో చేరుతుంది. ఒక పాలిపోయిన మొహం వెంటపడుతూ ఉంటుంది (ఆ మొహం దర్శకుడు హెర్క్ హార్వీదే). ఇంతకు మించి చెప్పను.

బట్టల కొట్లో ఆమె గౌను వేసుకుని చూసుకుంటుంటే బొమ్మ నీళ్లలోలాగా అలలు తిరుగుతుంది. బయటికొస్తే ఎవరికీ ఆమె కనబడదు, వినబడదు. ఊరి చప్పుడంతా ఆగిపోతుంది. చవక డీవీడీలో అక్కడ ఒకటే బరబర, అసలు చప్పుడు ఆగినట్టే తెలియదు. బ్లూరేలో చెవులు దిబ్బడేసినట్టు ఉంటుంది. ఆ తర్వాత పార్కులో పిట్ట కూస్తే గుండె ఝల్లుమంటుంది. జీన్ మూర్ ఆర్గాన్ సంగీతం కూడా అందులోనే తేటగా వినిపిస్తుంది.

చవక కాపీలు ఇన్ని ఎందుకంటే, ప్రింట్ల మీద కాపీరైట్ ప్రకటన వేయడం మరిచారు. దాంతో హక్కులు పోయి, దొరికినవాడల్లా అచ్చేసి అమ్మాడు. రంగులద్దిన వెర్షన్ కూడా ఉంది, దాని జోలికి పోకండి.

హార్వీ కాన్సాస్‌లోని లారెన్స్‌లో విద్యా, పారిశ్రామిక చిత్రాలు తీసే మనిషి. యూటాలోని గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పునీటి సరస్సు ఒడ్డున పాడుబడ్డ సాల్టెయిర్ పెవిలియన్ (ఒకప్పటి వినోదశాల) చూసి సుమారు 33 వేల డాలర్లతో ఇది తీశాడు. ఆయన తీసిన ఏకైక కథాచిత్రం ఇదే. ఆ పెవిలియన్ 1970లో కాలిపోయింది కాబట్టి, ఆ ఖాళీ డ్యాన్స్ హాలు సీన్లకు ఇప్పుడు విలువ ఇంకా ఎక్కువ. నటనలో అతుకులున్నాయి, డాక్టరు సీన్లు మరీ చప్పన. మేరీగా వేసిన క్యాండేస్ హిల్లిగాస్ కళ్లు మాత్రం సినిమా మొత్తాన్ని మోస్తాయి.

2000 డీవీడీని నేను అమ్మను. థియేటర్ కట్ 78 నిమిషాలైతే, అందులో మరో ఐదు నిమిషాలు ఎక్కువున్న కట్ కూడా పూర్తిగా ఉంది. బ్లూరే తెప్పించుకునేవాళ్లు ఒకటి చూసుకోండి: బ్లూరే డిస్కులకు, ప్లేయర్లకు ప్రాంతాలవారీగా రీజియన్ కోడ్ ఉంటుంది; అమెరికా డిస్కు రీజియన్ ఏ, మన దేశానిది రీజియన్ సీ. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ లేకపోతే డబ్బు దండగ.