డీఎంఎక్స్ క్వెరీలో అంచనాలను వడపోయడానికి సమాన గుర్తా, పెద్ద గుర్తా: ఏది మేలు?

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ అనాలిసిస్ సర్వీసెస్‌లో డేటా మైనింగ్ మోడళ్లను (పాత డేటాలోని నమూనాలు నేర్చుకుని అంచనాలు వేసేవాటిని) ప్రశ్నించే భాష డీఎంఎక్స్, అంటే డేటా మైనింగ్ ఎక్స్‌టెన్షన్స్. ఇందులో సాధారణంగా వాడే పోలిక గుర్తులు =, <>, >, >=, <, <=. ఎస్‌క్యూఎల్ రాసే చేతికి ఇవేవీ కొత్త కావు. కాకపోతే ఎస్‌క్యూఎల్‌లో టేబుల్‌లో ఉన్న విలువను పోలుస్తాం, ఇక్కడ చాలాసార్లు మోడల్ వేసిన అంచనాను పోలుస్తాం. అందుకే ఏ గుర్తు పెట్టాలన్నది వ్యాకరణంతో తేలదు, లాభనష్టాల లెక్కతోనే తేలుతుంది.

బెంగళూరు మడివాళ నుంచి విజయవాడ, కర్నూలు వైపు రాత్రి బస్సులు నడిపే ఒక ట్రావెల్స్ యజమాని, టికెట్ కొని కూడా బస్సు ఎక్కని వారిని ముందుగా గుర్తించే మోడల్ తయారు చేయించుకున్నాడని అనుకుందాం. క్వెరీని రెండు విధాలుగా రాయవచ్చు. ప్రెడిక్ట్ ఫంక్షన్ ఇచ్చిన విలువ "ఎక్కడు"కు సమానమా అని = గుర్తుతో అడగడం ఒక పద్ధతి. ప్రెడిక్ట్‌ప్రాబబిలిటీ ఫంక్షన్‌తో "ఎక్కడు" అనే స్థితికి ఉన్న సంభావ్యతను తీసుకుని, అది ఫలానా అంకెను దాటిందా అని > గుర్తుతో అడగడం రెండోది.

మొదటి పద్ధతిలో మోడల్ అన్నిటికంటే ఎక్కువ సంభావ్యత ఉన్న స్థితినే జవాబుగా ఇస్తుంది కాబట్టి, రెండే స్థితులున్న చోట అది దాదాపు 0.5 దగ్గర గీత గీసినట్టే. ఆ 0.5 మన వ్యాపారానికి సరిపోతుందా అని మాత్రం ఎవరూ అడగరు. టికెట్ ధర 1,500 రూపాయలు, అదే సీటును ఇంకొకరికి అమ్మాక మొదటి ప్రయాణికుడు కూడా వచ్చేస్తే అతన్ని వేరే విధంగా పంపడానికి 4,500 రూపాయల ఖర్చు అనుకుంటే, సంభావ్యత 0.75 దాటితే తప్ప ఆ సీటును రెండోసారి అమ్మడం గిట్టుబాటు కాదు. = గుర్తును నమ్ముకుని 0.6 సంభావ్యత ఉన్న సీటును అమ్మితే సగటున వచ్చేది 900, పోయేది 1,800. అదే మోడల్‌ను "వస్తున్నారా" అని ఫోన్ చేయడానికి వాడితే లెక్క తిరగబడుతుంది. ఫోన్‌కు 15 రూపాయల ఖర్చయి, ముందుగా ఖాళీ అని తెలిసిన సీట్లలో సగం మళ్లీ అమ్ముడుపోతాయనుకుంటే, 0.02 దాటిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేయవచ్చు. మోడల్ ఒక్కటే అయినా గీతలు రెండు కావాలి, = గుర్తు ఆ రెండింటికీ పనికిరాదు. పైగా ఎగ్గొట్టేవారు అరుదుగా ఉండే మార్గాల్లో = క్వెరీకి ఒక్క వరుస కూడా రాకపోవచ్చు; అప్పుడు మోడల్ పనిచేయడం లేదని అపోహ పడతారు.

అయినా = గుర్తుకూ తనదైన చోటుంది. ప్రయాణికుడు మడివాళలో ఎక్కుతాడా, మెజెస్టిక్‌లోనా, హెబ్బాళలోనా అన్నది అంచనా వేయాలంటే సంభావ్యతలు 0.45, 0.35, 0.20గా రావచ్చు. ఇక్కడ > 0.5 అని పెడితే ఎవరూ మిగలరు, = అయితే మడివాళను ఎంచుకుంటుంది. స్థితులు ఎక్కువై, ఏదో ఒకటి ఎంచుకుని తీరాల్సినప్పుడు దానిదే పైచేయి.

> మేలా, >= మేలా అన్న చర్చకు నా దృష్టిలో అంత విలువ లేదు. వరుస ప్రశ్నలతో మనుషులను గుంపులుగా విడగొట్టే డెసిషన్ ట్రీ మోడల్‌లో ఒకే ఆకులో (చివరి గుంపులో) పడిన వారందరికీ సంభావ్యత ఒక్కటే కాబట్టి, గీతను కొంచెం జరిపితే మనుషులు ఒక్కొక్కరుగా కాక ఆకు ఆకంతా లోపలికో బయటికో పోతారు. గీత ఏ రెండు ఆకుల మధ్య పడిందో చూడటమే అసలు పని. అలాగే ఈ గుర్తులు ఏక విలువలకే పనిచేస్తాయి. ప్రెడిక్ట్‌హిస్టోగ్రామ్ ఫంక్షన్ ఇచ్చేది అన్ని స్థితుల సంభావ్యతలున్న టేబుల్ కాబట్టి దాన్ని నేరుగా ఒక అంకెతో పోల్చలేం.

<> (సమానం కాదు) దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. పోల్చే రెండు విలువల్లో ఏ ఒక్కటి నల్ (విలువ లేని ఖాళీ) అయినా ఫలితం నల్ అవుతుంది, ఆ వరుస వడపోతలో నిలవదు. "చెల్లింపు విధానం <> నగదు" అని రాస్తే, ఆ కాలమ్ ఖాళీగా ఉన్న ప్రయాణికులు చడీచప్పుడు లేకుండా జాబితా నుంచి జారిపోతారు. 2008 వెర్షన్‌లో వచ్చిన మోడల్ ఫిల్టర్లలో (మోడల్ శిక్షణకు ఏ వరుసలు వాడాలో ఎంచే షరతుల్లో) అయితే ఈ నష్టం ఇంకా లోతైనది, ఎందుకంటే వారు శిక్షణ దశలోనే తప్పిపోతారు. అక్కడ ఈజ్ నల్ షరతును "లేదా"తో కలిపి రాయడం మేలు.

2022 వెర్షన్‌తో అనాలిసిస్ సర్వీసెస్ నుంచి డేటా మైనింగ్‌ను తొలగించారు కాబట్టి, ఇప్పుడు పాత క్వెరీలను పైథాన్‌లోకి మార్చే పని మిగిలిన బృందాలు = ఉన్న ప్రతి చోటా దాని వెనుక ఏ గీత దాగి ఉందో ముందు తేల్చుకోవాలి. పైథాన్‌లో సైకిట్‌లెర్న్ అనే లైబ్రరీలోని వర్గీకరణ మోడళ్ల ప్రెడిక్ట్ కూడా రెండే స్థితులున్నప్పుడు సాధారణంగా అదే 0.5 గీతను మాటమాత్రం చెప్పకుండా గీస్తుంది.