కైరోనియా సింహం కోసం లివాదియాలో ఒక రాత్రి

ఏథెన్స్‌లో మూడు రోజులు హాయిగా గడిచాయి. రాయాలనిపించింది మాత్రం పాత యుద్ధభూమి ఉన్న కైరోనియా అనే చిన్న ఊరి గురించి, దానికోసం దగ్గర్లోని లివాదియా పట్నంలో మేం దిగిన లాడ్జి గురించి.

మ్యూనిక్ నుంచి మేమిద్దరం, గుంటూరు నుంచి నాన్న. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పిన మనిషి, గ్రీసు అనగానే ఆయన అడిగింది కైరోనియానే. "ఒక రాతి సింహం కోసం రెండు రోజులా" అని మా ఆయన బస్సులో మాటే మాట్లాడలేదు.

మూడు మంచాల గది, టిఫిన్‌తో కలిపి 58 యూరోలకు బుక్ చేశాం. తీరా వెళితే రెండే మంచాలు. మూడోది వేయాలంటే 20 కట్టమన్నారు. బుకింగ్ కాగితం చూపించినా వినలేదు. "నేను కింద పడుకుంటాలేమ్మా" అన్నారు నాన్న, డెబ్బై ఏళ్ళ మనిషి. ఆ మాటకి నాకు కళ్ళు తిరిగినంత కోపం వచ్చింది. 20 కట్టాను. పొద్దున వేణ్ణీళ్ళు లేవు, టిఫిన్ అంటే ఎండిన బ్రెడ్డు. వాళ్ళే పిలిచిన టాక్సీకి రానూపోనూ 30 అని మాట్లాడుకుంటే, దిగేటప్పుడు వెయిటింగ్ అంటూ 55 గుంజాడు. పదిహేను కిలోమీటర్లు కూడా లేని దూరానికి!

సింహానికి మాత్రం టికెట్టే లేదు. రోడ్డు పక్కనే, సైప్రస్ చెట్ల మధ్య, ఎత్తయిన దిమ్మ మీద కూర్చుని ఉంటుంది. క్రీ.పూ. 338లో మాసిడోనియా రాజు ఫిలిప్ సైన్యం ఏథెన్స్, థీబ్స్ సేనల్ని ఓడించింది ఇక్కడే. ఆ యుద్ధంలో ఉన్న ఆయన కొడుకు అలెగ్జాండర్‌కి అప్పుడు పద్దెనిమిదేళ్ళు. థీబ్స్ వాళ్ళ 300 మంది 'పవిత్ర దళం' వెనక్కి తగ్గకుండా నేలకొరిగింది. ఈ సింహం వాళ్ళ సమాధి గుర్తేనని ఎక్కువమంది నమ్మకం. పందొమ్మిదో శతాబ్దంలో తవ్వితే 254 అస్థిపంజరాలు ఏడు వరుసల్లో బయటపడ్డాయి. ముక్కలై పడున్న సింహాన్ని 1902లో మళ్ళీ నిలబెట్టారు. దగ్గరికెళ్ళి చూస్తే ఒంటి మీద అతుకులు తెలుస్తాయి. నాన్న చెప్పులు విడిచి నిలబడ్డారు. మేం ఏమీ మాట్లాడలేదు.

ఊళ్ళో కొండరాతిలోనే మెట్లు తొలిచిన చిన్న నాటకశాల ఉంది. గొప్పవాళ్ళ జీవితకథలు రాసిన ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ పుట్టింది ఈ ఊళ్ళోనే. తాను కూడా వెళ్ళిపోతే చిన్న ఊరు ఇంకా చిన్నదైపోతుందని ఇక్కడే ఉండిపోయాడట. నాన్న ఆ సంగతి చెప్తుంటే, ఇంకో పావుగంట కూర్చుందామన్నది మా ఆయనే.

మధ్యాహ్నం లివాదియా క్రియా ఊటల దగ్గర, చెట్ల నీడలో భోజనం. ఉడికించిన ఆకుకూర మీద ఆలివ్ నూనె, నిమ్మరసం, 5 యూరోలు. నాన్న రెండోసారి తెప్పించుకున్నారు.

వెళ్ళేవాళ్ళు ఏథెన్స్‌లోనే కారు అద్దెకు తీసుకోండి. ప్రాచీన క్షేత్రం డెల్ఫీకి పోతూ దారిలో చూడొచ్చు, రాత్రి బస అక్కర్లేదు. టాక్సీయే గతి అయితే వెయిటింగ్‌తో సహా ఎంతో కాగితం మీద రాయించుకున్నాకే ఎక్కండి.